యువత మానసిక ఆరోగ్యం: వ్యవస్థ మారిందో లేదో ఎట్లా కొలవాలి? (ఉమ్మడి వరంగల్ వాళ్లు చెప్పండి)

వడ్డేపల్లి_గట్టు · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఉమ్మడి వరంగల్‌లో పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. 14 నుంచి 24 ఏళ్ల వాళ్ల మానసిక ఆరోగ్యం మీద రెండు జిల్లాల్లో మూడేళ్ల ప్రాజెక్టు మాది. మొదటి ఏడాది రిపోర్టులో ఎన్ని కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టాం, ఎందరు వచ్చారు, ఎన్ని పోస్టర్లు అంటించాం, ఎందరు లెక్చరర్లకు ట్రైనింగ్ ఇచ్చాం, అన్నీ ఫొటోలతో సహా పంపాం. నిధులిచ్చేవాళ్లు చదివి ఒక్కటే అడిగారు: ఇవన్నీ మీరు చేసిన పనులు, బాగుంది. మరి జిల్లాలో వ్యవస్థ ఏం మారింది?

ప్రశ్నలో తప్పేం లేదు. రేపు మేం సామాన్లు సర్దుకుని పోయాక, ఒక ఇంటర్ పిల్ల రాత్రిళ్లు నిద్ర పట్టక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఉంటే, ఆమెకు ఇప్పటికన్నా తేలికగా దారి దొరుకుతుందా? వాళ్లు అడిగేది ఇదే. దీన్ని కాగితం మీద ఎట్లా చూపించాలి? పీహెచ్‌సీల్లో, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. కన్సల్టెంట్‌ను పెట్టుకునేంత బడ్జెట్ మా దగ్గర లేదు.

చాయ్_బిస్కట్ · 9:20

పోస్టర్ మీద మానసిక సాయం హెల్ప్‌లైన్ 14416 నంబర్ పెద్దగా ఉందా, అతిథుల ఫొటోలు పెద్దగా ఉన్నాయా? ముందు అది కొలవండి.

కేయూ_లెక్కలు · 9:48

అక్కా, మారింది అనాలంటే అంతకుముందు ఎట్లా ఉండేదో తెలియాలి కదా. అక్కడే రెండు చిక్కులున్నాయి.

మొదటిది సర్వే. అందరూ చెప్పేది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేనే. 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అందులో తేలింది. పెద్దవాళ్లలోనైతే జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. కానీ ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో తెలంగాణ లేదు. ఆ 7.3ను తెచ్చి మన జనాభాతో గుణించి, మా జిల్లాలో ఇంతమంది అని రాయకండి. చాలామంది అదే చేస్తున్నారు.

రెండోది మన జిల్లాల కథ. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ ఐదు జిల్లాలైంది, కొన్ని మండలాలు పక్క జిల్లాల్లోకి పోయాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, మళ్లీ మండలాలు అటూ ఇటూ జరిగాయి. 2015లో వరంగల్ జిల్లా అని ఉన్న అంకెనూ 2023లో వరంగల్ జిల్లా అని ఉన్న అంకెనూ పక్కపక్కన పెట్టి గీత గీస్తే తేలేది పిల్లల మనసు సంగతి కాదు, రెవెన్యూ శాఖ సంగతి. వెనకటి లెక్కలు కావాలంటే మండలాల వారీగా తీసుకుని మీరే కూడుకోవాలి.

జనగామ_లెక్చరర్ · 10:15

ఇన్ని వంకలెందుకు సార్? పిల్లల ప్రాణాలు పోవడం తగ్గిందా లేదా, అసలు కొలత అదే. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కలో 2022 ఒక్క ఏడాదే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. మన దగ్గర 2019 ఇంటర్ ఫలితాల గందరగోళం ఎవరైనా మరిచిపోతారా? ఫెయిలైన వాళ్లందరి పేపర్లు ఫీజు లేకుండా మళ్లీ చూడాల్సి వచ్చింది. అప్పటికే పోయినవాళ్లు పోయారు. 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన ఆత్మహత్యల నివారణ వ్యూహం కూడా 2030 నాటికి ఈ మరణాలు 10 శాతం తగ్గాలనే అంటోంది. మీ ప్రాజెక్టు కూడా అదే చూపించాలి.

కేయూ_లెక్కలు · 10:41

సార్, మీ బాధ అర్థమైంది. దేశానికి, రాష్ట్రానికి ఆ కొలత ఉండాల్సిందే. రెండు జిల్లాల్లో మూడేళ్ల ప్రాజెక్టుకు మాత్రం అది పనికిరాదు.

మాట వరసకు ఒక చోట ఏడాదికి 12 మరణాలనుకోండి. తర్వాతి ఏడు 8 అయితే మూడో వంతు తగ్గించామని రిపోర్టులో రాసేస్తారు. ఎవరూ ఏ పనీ చేయకపోయినా చిన్న సంఖ్యల్లో అంత తేడా దానంతట అదే వస్తుంది. 12 సగటు ఉన్న చోట ఒక ఏడు 6, ఇంకో ఏడు 18 రావడం కూడా వింత కాదు. మూడో ఏడు 14 వస్తే మరి? అప్పుడు మీ పని వల్లే పెరిగాయని ఒప్పుకుంటారా?

పైగా నమోదు ఎట్లా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. కడుపునొప్పి భరించలేక అని రాయించుకునే కుటుంబాలు ఎన్ని లేవు? పోలీసులు, డాక్టర్లు సరిగ్గా రాయడం మొదలుపెడితే ముందు సంఖ్య పెరుగుతుంది. నమోదు బాగుపడటం మంచి మార్పే, గ్రాఫ్‌లో మాత్రం చెడుగా కనబడుతుంది.

ఓపీ_చీటీ · 11:05

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, ప్రభుత్వ ఆసుపత్రిలో. పైన చెప్పిన దాంతో ఏకీభవిస్తాను. ఇంకో మాట కూడా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత 309 సెక్షన్ కూడా లేదు. ఈ సంగతి జనానికి తెలిసేకొద్దీ ఇళ్లలో దాచిపెట్టే కేసులు కొన్ని ఆసుపత్రికి వస్తాయి. వార్డులో ఇట్లాంటి కేసులు పెరిగాయంటే రోగం పెరిగిందని కాదు, భయం తగ్గిందని కూడా కావచ్చు. ఏది నిజమో ఒక్క అంకె చెప్పదు.

నేను చూసేది వేరే. ఒక పిల్లవాడు మొదటిసారి ఎవరికో ఒకరికి చెప్పిన రోజు నుంచి, సరైన మనిషి ముందు కూర్చున్న రోజు దాకా ఎంతకాలం పట్టింది? మధ్యలో ఎన్ని తలుపులు తట్టాడు? మా దగ్గరికి వచ్చేవాళ్లను అడిగితే ఎక్కువగా వినబడే వరుస ఇది: అమ్మకు చెప్పాడు, గుండెదడ అని ఆర్‌ఎంపీ దగ్గరికి పోయారు, గ్లూకోజ్ ఎక్కించారు, తాయెత్తు కట్టించారు, పట్నంలో ఈసీజీ, స్కానింగ్, అన్నీ నార్మల్, ఆఖరికి ఎవరో తెలిసినవాళ్లు చెబితే ఇక్కడికి. నెలలు గడిచిపోతాయి, డబ్బులూ అయిపోతాయి. మీ ప్రాజెక్టు తర్వాత ఈ వరుస పొట్టిదైతే వ్యవస్థ మారినట్టే. సగటు కట్టకండి. ఒకరిద్దరు రెండేళ్లు తిరిగినవాళ్లుంటే సగటు మొత్తాన్ని లాగేస్తుంది. మధ్య విలువ, అంటే మీడియన్, చూడండి.

పరకాల_సిస్టర్ · సోమవారం ఉదయం 6:30

డ్యూటీకి పోయే ముందు రాస్తున్న. పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సును. దండం పెడతా, ఇంకో కొత్త రిజిస్టర్ మాత్రం తేకండి. ఇప్పటికే బీపీ, షుగర్, గర్భిణులు, టీకాలు, టీబీ, కిశోర బాలికలు, అన్నింటికీ రిజిస్టర్లు, మళ్లీ అవే ట్యాబ్‌లో. ఆశా వర్కర్లనైతే చెప్పనే వద్దు. కొత్త కాలమ్ ఇస్తే రాత్రి పది గంటలకు ఇంట్ల కూసొని అందాజగా నింపుతరు. దాన్ని మీరు డేటా అంటరు.

ఒకటి మాత్రం నిజంగా చూడండి: మందులు. డాక్టర్ గారు ట్రైనింగ్‌కు పోయి వచ్చిండు, దిగులుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ మందు రాయడం నేర్చుకున్నడు, స్టోర్‌లో మాత్రం లేదు. బయట కొనుక్కో అంటే పిల్లగాడు ఒక స్ట్రిప్పు కొంటడు, రెండోది కొనడు. ఆ మందు కొన్ని వారాలు వాడితేగాని పనిచేయదు. స్టాక్ లేని రోజులు ఎన్ని అన్నది ఎవర్నీ అడగకుండానే స్టోర్ లెక్కల్లో దొరుకుతది.

కేయూ_లెక్కలు · 8:02

సిస్టర్ గారు చెప్పిన స్టాక్ లేని రోజులు చాలా మంచి సూచిక. ఎవరి దయ మీదా, ఎవరి నటన మీదా ఆధారపడదు. ఇటువంటివి ఇంకా ఉంటే చెప్పండి మేడం.

ఏటూరునాగారం_రోడ్డు · 10:20

మీరందరూ ఒక్కో చోటును చూస్తున్నారు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు యాది చేసుకోండి. ఒక్క చెరువు నిండింది అని సంబురపడితే లాభం లేదు, మత్తడి దూకి కింది చెరువుకు నీళ్లు చేరుతున్నాయా అన్నది చూడాలి. కాలేజీలో గుర్తించారు, మంచిదే. పీహెచ్‌సీకి చేరాడా? అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి చేరాడా? రెండోసారి వచ్చాడా? మా ఏజెన్సీ గ్రామాల్లో అయితే బస్సు ఉందా అన్న దగ్గరే తెగిపోతుంది. పొద్దున బస్సులో బయలుదేరితే ఓపీ చీటీ దొరికేసరికి డాక్టర్ లేచి వెళ్లిపోయే టైమ్.

ఇంకోటి, ములుగు జిల్లా లెక్కలు తీసేటప్పుడు మేడారం జాతర నెల పక్కన పెట్టండి. ఆరోగ్య శాఖ వాళ్లందరికీ జాతర డ్యూటీలే పడతాయి. ఆ నెల ఓపీ తగ్గిందని ఒక ఆయన మీటింగ్‌లో పెద్ద విశ్లేషణ చేశాడు, మేం నవ్వు ఆపుకోలేకపోయాం.

ఓపీ_చీటీ · 1:10

అన్నా, మీరన్న మత్తడిని కొలిచే సాధనం ఒకటి ఉంది: తిరుగు చీటీ. పీహెచ్‌సీ నుంచి మా దగ్గరికి రెఫరల్ చీటీ వస్తుంది. మేం చూసి, ఫలానా మందు మొదలుపెట్టాం, నెల తర్వాత మీ దగ్గరే చూడండి అని వెనక్కి రాసి పంపాలి. అది ఎన్నిసార్లు వెనక్కి పోతోంది? పోయినదాన్ని అక్కడ ఎవరైనా చదివారా? ఈ ఒక్కటి రెండేళ్లు గమనిస్తే రెండు సంస్థల మధ్య సంబంధం ఉందో లేదో తెలిసిపోతుంది. ఎంతమందిని రెఫర్ చేశాం అన్నది రిపోర్టుల్లో ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. రెఫర్ చేయడమంటే చాలా చోట్ల వదిలించుకోవడమే.

సెకండియర్_బైపీసీ · సాయంత్రం 5:45

నేను స్టూడెంట్‌ని, హాస్టల్‌లో ఉంటాను. ఒకటి అడగొచ్చా? పోయిన ఏడాది మాతో ఒక ఫారం నింపించారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు నిరాశగా అనిపించింది, నిద్ర ఎట్లా ఉంది, అట్లాంటి తొమ్మిది ప్రశ్నలు. పైన పేరు, హాల్‌టికెట్ నంబర్ రాయమన్నారు. ఫారాలు తీసుకున్నది ఫ్లోర్ ఇన్‌చార్జి సార్. మా రూమ్‌లో అందరం అన్నింటికీ 'అసలు లేదు' అని టిక్ పెట్టి ఇచ్చాం. ఇంకేం పెడతాం? ఇంటికి ఫోన్ పోతుంది, నాన్న వస్తాడు, సెక్షన్ మారుస్తారు.

కౌన్సెలర్ మేడం ఉన్నారు. ఆమె రూమ్ ప్రిన్సిపల్ రూమ్ పక్కనే. లోపలికి పోతే కారిడార్ అంతా చూస్తుంది.

జనగామ_లెక్చరర్ · 6:20

ఈ అబ్బాయి చెప్పింది వంద శాతం నిజం. మా దగ్గర అట్లా జరగదని అనలేను.

కేయూ_లెక్కలు · 6:33

తమ్మీ, నువ్వు చెప్పింది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒకసారి సరిగ్గా మాట్లాడి చూడాలని లెక్క. సాధనంలో లోపం లేదు, నింపించిన పద్ధతిలో ఉంది. మీ హాస్టల్ రిపోర్టులో డిప్రెషన్ సున్నా అని వచ్చి ఉంటుంది, ఎవరో ప్రశంసాపత్రం కూడా తీసుకుని ఉంటారు.

అక్కా, ఇది రాసుకోండి. ఒక కాలేజీలో మొదటి ఏడు సున్నా, రెండో ఏడు నూటికి పది వచ్చిందంటే పిల్లలు నిజం చెప్పే ధైర్యం వచ్చిందని అర్థం కావచ్చు. నిధులిచ్చేవాళ్లకు ఇది మొదట్లోనే చెప్పి పెట్టాలి. గుర్తించిన కేసులు మొదటి రెండేళ్లు పెరుగుతాయి, పెరగకపోతేనే అనుమానించండి అని రాతపూర్వకంగా పంపండి. పెరిగాక చెబితే సాకు చెప్పినట్టుంటుంది.

మోడరేటర్ · 6:50

ఒక్క మాట. ఈ థ్రెడ్ చదివేవాళ్లలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. @సెకండియర్_బైపీసీ, కాలేజీ పేరు రాయకుండా మాట్లాడావు, మంచి పని చేశావు, అట్లాగే ఉండనీ.

చాయ్_బిస్కట్ · 7:15

అయితే 14416కి మనమే దొంగ కాల్స్ చేసి, ఎన్ని రింగులకు ఎత్తారు, తెలుగు వచ్చినవాళ్లు దొరికారా అని చూస్తే సరిపోదా? అసలైన ఆడిట్ అదే.

ఓపీ_చీటీ · 7:22

వద్దు. మీరు నాటకం ఆడే పది నిమిషాలు ఇంకెవరో లైన్‌లో వేచి ఉంటారు. 2022 అక్టోబరు 10న మొదలైన సర్వీస్ అది, దేశం మొత్తం మీద ఇప్పటికే పది లక్షలకు పైగా కాల్స్ తీసుకుంది. లైన్‌లో ఉన్నవాళ్లూ మనుషులే. తెలుసుకోవాలంటే నిజంగా ఫోన్ చేసినవాళ్లను, వాళ్ల ఇష్టంతో, తర్వాత అడగండి.

చాయ్_బిస్కట్ · 7:25

సరే, ఆ ఐడియా వాపస్. మన పీహెచ్‌సీ నంబర్లకు చేస్తే? అవి ఎవరూ ఎత్తరు కాబట్టి ఎవరి టైమూ పోదు.

పరకాల_సిస్టర్ · 7:40

ఎత్తుతం, మీరు చేయండి ముందు.

హన్మకొండ_టు_మెల్‌బోర్న్ · రాత్రి 11:30

మాది హన్మకొండే, ఇక్కడ యువజన మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తాను. ఆస్ట్రేలియాలో 2006లో హెడ్‌స్పేస్ అనే వ్యవస్థ మొదలైంది. 12 నుంచి 25 ఏళ్ల వాళ్లకు ఒకే చోట మానసిక ఆరోగ్యం, మామూలు ఆరోగ్యం, మత్తు సమస్యలు, ఉద్యోగం చదువుల సాయం. ప్యాట్రిక్ మెక్‌గోరీ అనే సైకియాట్రిస్ట్ ముందుండి నడిపించినవాళ్లలో ఒకరు. ఇప్పుడు 150కి పైగా కేంద్రాలున్నాయి.

మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, దాన్ని కొలిచినప్పుడు వచ్చిన గొడవ. 2015లో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్ల మూల్యాంకనం వచ్చింది. ఇంతకుముందు ఎక్కడికీ పోని పిల్లలు వస్తున్నారు, చేరుకోవడం బాగుంది. కానీ వచ్చినవాళ్ల బాధ తగ్గడంలో ప్రభావం చిన్నదే అని తేలింది. విమర్శకులు దాన్ని పట్టుకుని డబ్బు వృథా అన్నారు. సమర్థించేవాళ్లు తలుపు తెరవడమే పెద్ద మార్పు కదా అన్నారు. ఇన్నేళ్లయినా ఆ వాదన తెగలేదు. చేరడం, బాగుపడటం అనే రెంటినీ వేర్వేరు పేజీల్లో కొలవండి. ఒకటి చూపించి రెండోదాన్ని దాచకండి.

ఇంకొకటి వయసు. మన దగ్గర 2014లో వచ్చిన కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల వాళ్లకు. ఇక్కడ 25 దాకా లాగడానికి కారణం, పెద్ద మానసిక జబ్బులు ఎక్కువగా మొదలయ్యేది ఆ వయసులోనే. మీ ప్రాజెక్టులో 17 ఏళ్లప్పుడు సాయం తీసుకున్న పిల్ల 19 ఏళ్లకు ఎక్కడుంది అన్నది ఒక్కటి పట్టుకోండి.

జనగామ_లెక్చరర్ · మంగళవారం ఉదయం 7:10

ఎక్కడుంటుంది సార్, హైదరాబాద్‌లో కోచింగ్‌లోనో హాస్టల్‌లోనో ఉంటుంది. ఇంటర్ అయిపోగానే మా రికార్డులో టీసీ ఇచ్చినట్టు ఒక సంతకం మిగులుతుంది, అంతే. మందులు వాడుతున్న సంగతి కొత్త కాలేజీకి చెబితే సీటు ఇవ్వరేమోనని తల్లిదండ్రులే దాస్తారు.

ఎట్లాగూ కాలేజీల ప్రస్తావన వచ్చింది కాబట్టి: విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ పర్యవేక్షించాలి. వడ్డేపల్లి మేడం, మీకు కావలసిన కొలత ఇందులోనే ఉంది. మీ రెండు జిల్లాల్లో కమిటీ కూర్చుందా, మినిట్స్ రాశారా, ఎన్ని కాలేజీల్లో కౌన్సెలర్ జీతం తీసుకుంటున్నారు?

సెకండియర్_బైపీసీ · 7:35

సార్, కౌన్సెలర్ ఉన్నారని ఎట్లా రాస్తారో తెలుసా? జువాలజీ మేడంనే కౌన్సెలర్ అంటారు. ఆమె మంచివారే. కానీ ఆమె చేతిలోనే మా ఇంటర్నల్స్ మార్కులు కూడా ఉంటాయి.

ఓపీ_చీటీ · 8:15

ఇదే విషయం మీద బీహార్‌లో గట్టి అధ్యయనం జరిగింది. నలంద జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో, సెహర్ అనే కార్యక్రమం. కొన్ని బడుల్లో అదే పనిని టీచర్‌తో చేయించారు, కొన్నింట్లో బయటి నుంచి తెచ్చి శిక్షణ ఇచ్చిన మామూలు యువ కౌన్సెలర్‌తో. 2018లో ఫలితాలు వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, ఏడిపించుకోవడం, దిగులు తగ్గాయి. టీచర్‌తో చేయించిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు పిల్లల దిగులుతో పాటు బడి వాతావరణాన్ని కూడా కొలిచారు చూడండి. టీచర్లు తోడుంటారా, ఇది నా బడి అని అనిపిస్తుందా అన్నట్టు. ఒక్కో పిల్లవాడి మనసును లోపల తవ్వడంకన్నా ఇది తేలిక. పేరు రాయక్కర్లేదు, భయం ఉండదు.

వడ్డేపల్లి_గట్టు · మధ్యాహ్నం 2:40

ఇంతమంది రాస్తారని అనుకోలేదు, థాంక్స్. నాకు ఇంకా ఒకటి తెగడం లేదు. మా పని మొత్తం మా కోఆర్డినేటర్ ఒకామె మీద నడుస్తోంది. ఏ ప్రిన్సిపల్‌కు సమస్య వచ్చినా ఆమెకే ఫోన్, ఆమే ఆసుపత్రికి ఫోన్ చేసి పంపుతుంది. తిరుగు చీటీలు, తక్కువ రోజులు, మీరు చెప్పినవన్నీ ఆమె వల్ల ఇప్పుడే బాగుపడ్డట్టు కనబడతాయి. ఆమె మానేస్తే? దాన్ని ఎట్లా పట్టుకోవాలి?

కేయూ_లెక్కలు · 3:30

ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. దీనికి ఖర్చు లేని పద్ధతి ఉంది. ఒక మండలంలో పిల్లలతో సంబంధం ఉన్న పదిహేను ఇరవై మందిని తీసుకోండి: ప్రిన్సిపల్, హాస్టల్ వార్డెన్, పీహెచ్‌సీ డాక్టర్, ఏఎన్ఎం, ఆశా, ఎస్సై, అంగన్‌వాడీ టీచర్, ఆర్‌ఎంపీ కూడా. ఆర్‌ఎంపీని వదిలిపెట్టకండి, మొదటి తలుపు ఆయనదే. ఒక్కొక్కరినీ ఒకటే అడగండి: గత మూడు నెలల్లో ఏ పిల్ల గురించైనా, పిల్లవాడి గురించైనా వీళ్లలో ఎవరితో మాట్లాడారు? పేర్లు చుట్టూ రాసి, మాట్లాడుకున్న వాళ్ల మధ్య గీతలు గీయండి. ఏడాది తర్వాత మళ్లీ అదే.

గీతలు పెరిగాయి అనుకుందాం. ఇప్పుడు మీ కోఆర్డినేటర్ పేరు మీద చెయ్యి పెట్టి మూసేయండి. ఆమె గుండా పోయే గీతలు తీసేశాక ఏం మిగిలింది? వార్డెన్ నేరుగా ఏఎన్ఎంకు ఫోన్ చేస్తున్న గీతలు మిగిలితే అది వ్యవస్థ. బొమ్మ ఖాళీ అయిపోతే మీరు బాగా పనిచేస్తున్నారని అర్థం, అంతే. ఆ రెండింటికీ తేడా ఉంది.

ఏటూరునాగారం_రోడ్డు · 4:05

బదిలీలు కూడా చూడండి. మన దగ్గర డాక్టర్ బదిలీ అయితే కార్యక్రమం కూడా బదిలీ అయిపోతుంది. కొత్త డాక్టర్, కొత్త వార్డెన్ వచ్చిన ఆరు నెలలకు ఆ పీహెచ్‌సీలో పరిస్థితి ఏంటన్నది ప్రత్యేకంగా చూస్తే మంచి పరీక్ష. దానికి మీరు ఏమీ చేయక్కర్లేదు, ప్రభుత్వమే బదిలీలు చేసి పెడుతుంది.

పరకాల_సిస్టర్ · రాత్రి 8:50

నిజమే. మా కాడ వెనకటి మెడికల్ ఆఫీసర్ ఉన్నప్పుడు శుక్రవారం మధ్యాహ్నం పిల్లలతో మాట్లాడేందుకని ఒక గది ఉండె. ఇప్పుడు ఆ గదిలో అట్టపెట్టెలు ఉన్నయి.

హన్మకొండ_టు_మెల్‌బోర్న్ · 11:15

అంకెలకు దొరకనివి కొన్ని ఉంటాయి, వాటికి కథలు కావాలి. రిక్ డేవిస్ అనే ఆయన 1990లలో బంగ్లాదేశ్‌లో ఒక పద్ధతి మొదలుపెట్టారు: 'అతి ముఖ్యమైన మార్పు' అని. ఈ మూడు నెలల్లో మీరు చూసిన పెద్ద మార్పు ఏంటని అందరినీ అడిగి కథలు సేకరిస్తారు, ఒక బృందం కూర్చుని వాటిలో ముఖ్యమైనది ఎంచుతుంది. దాన్నే ఎందుకు ఎంచామో రాసి పెడుతుంది.

కేయూ_లెక్కలు · 11:40

కథలంటే నాకు భయం అన్నా. సంస్థలన్నీ ఏడిపించే సక్సెస్ స్టోరీలే తెస్తాయి. ఒక ఫొటో, ఒక చిరునవ్వు, 'ఇప్పుడు ఆమె నర్సింగ్ చదువుతోంది'.

హన్మకొండ_టు_మెల్‌బోర్న్ · 11:52

అందుకే ఎంచేది సంస్థవాళ్లు కాకూడదు. ఆ బృందంలో సగం మంది పిల్లలే ఉండాలి. మారనివాటి కథలు, చెడిపోయినవాటి కథలు కూడా అడగాలి. వాళ్లు ఏ కథ పక్కన పెట్టారో, ఎందుకు పెట్టారో చదివితే పెద్దవాళ్లు ఏది మార్పు అనుకుంటున్నారో, పిల్లలు ఏది అనుకుంటున్నారో తేడా బయటపడుతుంది.

సెకండియర్_బైపీసీ · బుధవారం ఉదయం 6:05

ఆ బృందంలో టాపర్లను మాత్రమే కూర్చోబెట్టకండి. ప్రతి కమిటీలో వాళ్లే ఉంటారు. ఒకసారి ఫెయిలైన వాళ్లను, మధ్యలో మానేసి పనికి పోతున్నవాళ్లను పెట్టండి.

ఓపీ_చీటీ · 8:30

తమ్మీ, ఇంతవరకు ఇక్కడ వచ్చిన సలహాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. పేర్ల గురించి నీకు భయముంది కదా, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే గోప్యత హక్కు ఉంది, 23వ సెక్షన్. 18 లోపు వాళ్ల విషయంలో తల్లిదండ్రుల పాత్ర ఉంటుంది, అయినా ఫ్లోర్ ఇన్‌చార్జికి ఫారాలు చదివే హక్కు లేదు. వడ్డేపల్లి గారూ, ఫారాలు ఎవరి చేతుల మీదుగా పోతున్నాయి, ఎక్కడ దాస్తున్నారు అన్నది కూడా ప్రతి కాలేజీలో చూసి రాయండి. అది మారితే చాలా మారినట్టు.

వడ్డేపల్లి_గట్టు · సాయంత్రం 6:20

మా టీమ్‌తో కూర్చున్నాను. సదస్సుల సంఖ్య రిపోర్టు వెనక అనుబంధంలోకి పోతుంది. మొదటి పేజీలో ఉండేవి: మొదటిసారి చెప్పిన రోజు నుంచి సరైన మనిషి దగ్గరికి చేరడానికి పట్టిన కాలం, తిరుగు చీటీలు, మందు లేని రోజులు, ఏడాదికోసారి గీతల బొమ్మ. అన్నీ మండలాల వారీగా, ఏప్రిల్‌ను ఏప్రిల్‌తోనే పోల్చి. ఫలితాల నెలనూ ఆగస్టునూ పక్కపక్కన పెట్టి పోల్చేది లేదు. బడి వాతావరణం ప్రశ్నలు పేర్లు లేకుండా. మరణాల సంఖ్య రాస్తాం కానీ మా ఘనతగానో వైఫల్యంగానో చెప్పుకోం. జనగామ సార్ ఒప్పుకోరని తెలుసు.

జనగామ_లెక్చరర్ · 6:45

ఒప్పుకోను. కానీ కమిటీ మినిట్స్ కూడా మొదటి పేజీలో పెడితే గొడవ పెట్టుకోను.

వడ్డేపల్లి_గట్టు · 6:50

పెడతాం సార్. సిస్టర్ గారూ, కొత్త రిజిస్టర్ పెట్టను, మాట ఇస్తున్నాను. మరి మొదటిసారి ఎవరికి చెప్పారు, ఎప్పుడు అన్నది ఎక్కడ రాయించాలి?

పరకాల_సిస్టర్ · రాత్రి 9:05

ఓపీ రిజిస్టర్‌లో ఆఖరున రిమార్క్స్ కాలమ్ ఉంటది, ఏళ్ల సంది ఖాళీగానే ఉంటది. అందుల నెల, ఎవరికి చెప్పిండో ఒక్క అక్షరం: అమ్మకైతే అ, ఆర్‌ఎంపీకైతే ఆ, కాలేజీలైతే కా. అంతకన్నా ఎక్కువ రాయమంటే ఎవరూ రాయరు. మా సార్‌ను మీరే వచ్చి అడగండి. బుధ, శనివారాలు టీకాల రోజులు, అప్పుడు మాత్రం రాకండి.